మా ముసలోడు, శకునాలు, పటేలు జీపు

మా ముసలోడు శకునం చూడనిదే గడప దాటడు. తను దాటకపోతే పాయె, ఊర్లె ఎవ్వల్నీ దాటనియ్యడు. జఫర్‌గఢ్‌ల బస్సు ఎక్కినోన్ని గుడ "ఆగు, ఎవలో తుమ్మిన్రు" అని దింపుతడు. పేరు ఐలేశ్. మొగని పేరు నేను నోటితోని ఎన్నడు చెప్పలే, రాయాల్సొచ్చి రాస్తున్న. దీనికి గుడ ఏదో దోషం తీస్తడు.

ఈయనతోని కాపురం జేసి నా కాళ్లు అరిగినయి. నడిచి కాదు, గడపకాడ నిలబడి. మా చెల్లె బిడ్డ పెండ్లికి మేం పోయేసరికి పందిరి ఇప్పుతున్నరు. తొవ్వల ఎవడో "ఎటు పోతున్నరు?" అన్నడు. ఇగ అంతే! మళ్ల ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, కూసొని, నీళ్లు తాగి పోవాలె.

"నీ పాడెకు పిల్లి అడ్డమొస్తే ఎట్లనయ్యా?" అని అడిగిన.

"వాపస్ తీసుకొస్తరు," అన్నడు. ఆశ సూడు!

ఊరు నవ్వుతది గని భయపడ్తది. రఘునాథ్ పటేలు ఒకసారి ఈయన వద్దన్నా ఇనకుండ బోరు ఏపిచ్చిండు. దుమ్ము లేసింది, నీళ్లు లేవు. అప్పటిసంది పటేలు చెప్పులు కొననీకి పోవాలన్నా మా వాకిట్ల ఆగి అడిగే పోతడు.

గా పటేలు బిడ్డ సౌమ్య ఒకనాడు పొద్దుగాల కనబడకపాయె. ఊరంత పోలీసులైన్రు. ఒకామె బాయిల చూడమంటది, ఒకాయన దయ్యమంటడు. తండా పిలగాడు నరేశ్ గుడ కనబడలేదని ఎవలికీ తోచలే. "దయ్యం పేరు నరేశ్" అనబోయిన. మా ముసలోడు నా కాలు తొక్కిండు.

మధ్యాన్నం పటేలుకు ఫోనొచ్చింది. ఇద్దరు కురవి గుడికాడ ఉన్నరట, పెండ్లి చేసుకొని ఠాణాకు పోతరట. పటేలు తమ్ములు జీపుల కట్టెలు ఏసిన్రు. ఠాణా చేరకముందు దొరికితే నరేశ్ మిగలడు.

జీపు మా వాకిట్ల ఆగింది.

"ఐలేశన్నా, జల్ది చెప్పు!"

మా ముసలోడు ఆకాశం దిక్కు చూసి గట్టిగ తుమ్మిండు. "జర కూసొని పోన్రి పటేలా."

కూసున్నరు, నీళ్లు తాగిన్రు, లేచిన్రు.

"ఎటు పోతున్నరు పటేలా?"

"నువ్వే అడుగుడేందన్నా!"

"నోరు జారింది. మళ్ల కూసోన్రి."

మళ్ల నీళ్లు. బిందె నింపి నింపి నా రెక్కలు పడిపోయినయి. ఆఖరికి జీపు కదిలిందో లేదో, నల్ల పిల్లి అడ్డంగ ఉరికింది. మా పిల్లే. గోడమీదికెల్లి గాదు, మా ముసలోని దుప్పట్లకెల్లి దుంకింది.

"పోకు పటేలా," అన్నడు. "ఈ దోషం ఇంటి ఆడపిల్లకు తాకుతది."

పటేలు మొకం మారింది. "బిడ్డకా?" అనుకుంట జీపు దిగి మా అరుగుమీద కూలబడ్డడు. తమ్ములు ఎంత గుంజినా లేవలే.

సాయంత్రం ఠాణాకెల్లి ఫోనొచ్చింది. పెండ్లయింది, ఇద్దరు పైలంగ ఉన్నరు. పటేలు ఫోను తమ్మునికిచ్చిండు. "తిన్నదో లేదో అడుగురా," అన్నడు.

అందరు పోయినంక పసుపు తెచ్చిన. మా ముసలోని ముంజేతులు గీరుకపోయి ఉన్నయి.

"ఇన్నేండ్లు నన్ను సతాయించినవు. గీ శకునాలు నిజమేనా?"

"నిజమేనే. గని పొద్దటిసంది చూస్తున్న, ఒక్కటి గుడ రాకపాయె," అన్నడు, చెయ్యి ముంగటికి చాపుకుంట. "ఇగ ఏం జేస్త, నేనే పట్టుకొచ్చిన."