మూడో చెయ్యి కోసం నిలబడ్డ మౌల్వీ సాబు

మా మౌల్వీ సాబు పోయారు. అమ్రాబాద్ నుంచి నాగర్‌కర్నూల్ సంతకు చింతపండు తెచ్చిన బండ్లవాళ్లు చెప్పారు. చలిజ్వరమట, మంచం పట్టి మళ్లీ లేవలేదట. ఖననం కూడా అయిపోయిందట. సంతకు వచ్చిన మా ఊరి పెద్దమనిషి ఒకాయన పక్కనే నిలబడి విని, "ఆయనేం సదువు చెప్పిండు, పిల్లలతోని ఆటలాడి జీతం తిన్నడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అవును, మా బళ్లో ఆయన ఆటలు ఆడించారు. ఏం ఆడించారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది బీచుపల్లికి దగ్గర్లో కృష్ణ ఒడ్డు పల్లె. మా వాడ ఊరికి అవతల ఉండేది. మమ్మల్ని తాకితే ఊరివాళ్లు ఇంటికి పోయి స్నానం చేసేవారు. బడిలో నేను గడప బయట కూర్చుని పాఠం వినేవాణ్ణి. ఆ ఏర్పాటు ఆయన రాకముందునుంచీ ఉన్నదే. మార్చబోతే పెద్దలు ఒప్పుకోలేదు. ఆయన ఇక వాదన మానేసి, పొద్దు వాలే వేళకు బడి మొత్తాన్నీ బయటికి తోలుకొచ్చారు. బయట ఇంక గడప ఎక్కడిది?

చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడించి, ఆ కర్రతోనే దూరం కొలిపించి కూడికలు చెప్పేవారు. తొండి ఆట అని మేం కొట్లాడుకుంటే తీర్పు చెప్పేవారు కాదు. వీపు తిప్పి కూర్చుని పాన్ నమిలేవారు. మేమే తేల్చుకుని పిలిస్తే ఇటు తిరిగేవారు. ఓడినవాడు మర్నాటి ఆట ఎంచుకోవాలని ఆయన నియమం. "ఓడితే ఏడువు బేటా, ఆట ఇడిసి పోకు" అనేవారు. ఆ మాట ఆటల్లోకంటే బయటే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఏ ఆటకైనా ముందు పంటలు వెయ్యాలి. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒకరి చేతిమీద ఒకరు బోర్లానో వెల్లకిలానో వేస్తారు. వేరుగా వేసినవాడు పండినట్టు, తప్పుకుంటాడు. చివరికి మిగిలినవాడు దొంగ. చెయ్యికి చెయ్యి తగలకుండా పంటలు వెయ్యడం ఎవరివల్లా కాదు. మౌల్వీ సాబు ఆ పంటల్లోకి నన్నూ రమ్మన్నారు.

మర్నాడే పటేలు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు, ఉపాయం కూడా తెచ్చాడు. "పంటలెందుకు మౌల్వీ సాబ్, రోజూ ఆ పిల్లగాన్నే దొంగను జెయ్యి. అయిపాయె."

"దొంగ ముట్టుకుంటెనే గద పటేల్ సాబ్ ఆట," అన్నారు మౌల్వీ సాబు. "మరి గప్పుడేం జేస్తరు?"

నౌకరీ ఎట్లా నిలబెట్టుకుంటావో చూస్తానని చెప్పి పటేలు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఊరి పిల్లలంతా గోడవారకు జరిగారు. పటేలు పొలంలో పనిచేసే మా నాయన వచ్చి, తన కొడుకును వదిలిపెట్టమని సారును బతిమాలాడు. మౌల్వీ సాబు ఆయన్ని కూర్చోమని చెప్పి, షేర్వానీ చేతులు పైకి మడిచి, నా చేతిమీద తన చెయ్యి వేసి నిలబడ్డారు. పంటలకు ఇద్దరు చాలరు. మూడో చెయ్యి రాలేదు. బడి వదిలేదాకా అట్లాగే నిలబడ్డాం. తర్వాతి రోజూ అంతే, ఆ తర్వాతా అంతే. ఆయన చెయ్యి తీయలేదు.

వాళ్ల మనసులు మారాయని నేను అబద్ధం రాయను. ఆట లేక పిల్లలు ఆగలేకపోయారు, అంతే. అందరికంటే ముందు పటేలు కొడుకే గొణుక్కుంటూ వచ్చి చెయ్యి చాపాడు. వాడి వెనకే మిగతావాళ్లు వచ్చారు.

బదిలీ కాగితం రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అమ్రాబాద్ అడవికి. అది శిక్ష అని ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇంక జర పొద్దుంది, పంటలెయ్యిండ్రి" అన్నారు.

ఆటలాడి జీతం తిన్నారట! అంత నిజాయితీగా జీతం తిన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడు నేనూ ఒక బడిలో పంతులునే. నా బడిలో ఆటకు ముందు అందరూ పంటలు వెయ్యాల్సిందే. నచ్చనివాళ్లు తాలూకా కచేరీకి అర్జీ రాసుకోవచ్చు.

ఆ చివరి సాయంత్రం దొంగగా నేనే మిగిలాను. నన్ను చూసి ఊరి పిల్లలు దూరంగా పరుగెత్తడం నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం నవ్వుతూ, కేకలు వేస్తూ పరుగెత్తారు. నేను వెంటపడి పటేలు కొడుకు వీపుమీద చరిచాను. వాడు స్నానానికి ఇంటికి పోలేదు. ఇప్పుడు దొంగ తనేనని అరుస్తూ, నన్ను ముట్టుకోవడానికి ఊరి వీధులన్నీ నా వెంట పరుగెత్తాడు.