కడిగిన కత్తి

బెంగళూరు యలహంకలో ప్రతి వేసవీ కర్బూజాలు కొంటాను, ఒక్కటీ తియ్యగా లేదని సణుగుతాను. విని విని విసుగెత్తి, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే మా మనవరాలు హారిక, "చైనా ఎడారిలో పండేది ఒకసారి తిను అవ్వా, ఆ తర్వాత మాట్లాడుదువు" అని ఆగస్టులో నన్ను బయల్దేరదీసింది.

వాయవ్య చైనాలోని ఉరుంచీ నగరం నుంచి ఆ ఎడారి ఊరు తుర్పాన్‌కు కారులో రెండున్నర గంటలు. రోజంతటికీ బాడుగ ఆరువందల యువాన్లు, డ్రైవరు భోజనం వేరే. ఎనిమిదికి బయల్దేరి, పదింటికి రోడ్డు పక్కన కర్బూజాల కుప్ప దగ్గర ఆగాం. అమ్మే ఆవిడది నా వయసే. కాయ కోసి, మొదటి ముక్క కత్తి మొన మీదే తాను కొరికి చూసి, తల ఊపి, అదే కత్తితో నాకొక ముక్క కోసి అందించింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ కత్తి అడిగి తీసుకుని, నా సీసాలోని నీళ్ళు పోసి రుద్ది కడిగి, వేరే కాయ కోయమని సైగ చేశాను.

"అవ్వా, ఏం చేస్తాండావు? ఆమె చూస్తాంది!"

"చూడనీ. ఎంగిలి తినేదెట్లా?"

డ్రైవరు తన ఫోనులో ఏదో అన్నాడు. దాని మీద వచ్చిన అనువాదం చదివి హారిక నవ్వలేక నవ్వింది. "నువ్వు ఆపరేషన్లు చేసే డాక్టరా అని అడుగుతాండాడు."

అమ్మే ఆవిడ నవ్వలేదు. వేరే కాయ కోసిచ్చింది. ఈసారి రుచి చూడలేదు. అది చప్పగా ఉంది.

కారెక్కాక డ్రైవరు మళ్ళీ ఫోనులో చెప్పాడు: "ఆమె రుచి చూడకుండా ఎవరికీ పెట్టదు. చప్పటిది పెడితే ఆమెకు నామోషీ."

తుర్పాన్‌లో ద్రాక్ష ఆరబెట్టే చిల్లుల గోడల ఇళ్ళు చూశాను గానీ మనసు అక్కడ లేదు. సాయంత్రం ఐదింటికి తిరిగొస్తూ అక్కడే ఆపించాను. ఆమె రుచి చూసిన కత్తితో కోసిందే తినాలని గట్టిగా అనుకుని దిగాను.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నేను దగ్గరికి వెళ్ళేలోపే చెంబులో నీళ్ళు కత్తి మీద పోసి, తుడిచి, రెండు వైపులా తిప్పి నాకు చూపించింది. "వద్దమ్మా, వద్దు" అన్నాను తెలుగులోనే. ముందు నువ్వు తినమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపి, కోసి నాకిచ్చింది. ఆ ముక్క తేనెలా ఉంది. తల దించుకుని తిన్నాను.

శుభ్రం పేరుతో ఇన్నేళ్ళు నా ఇంట్లో ఎంతమంది చేతి ముక్క తోసేశానో ఆ రాత్రి హోటల్లో లెక్కపెట్టబోయి ఆపేశాను. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఎండ ముదరకముందే ఆగండి, కాయ చల్లగా ఉంటుంది. సీసా నీళ్ళు మాత్రం తిన్నాక జిగట చేతులు కడుక్కోవడానికి దాచుకోండి.