మరగబెట్టిన మేత

మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడ లేచిన కొత్తలో మేము మణికొండలో ఓ ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లం. వెనక పెరట్లో ఇంటాయనకు ఎప్పుడో రాళ్లు కొట్టి వదిలేస్తే నీళ్లు నిండిన గుంత ఒకటి, అందులో బొచ్చె చేపలు. ఆ వేసవిలో అవి జబ్బుపడితే ఆయన పశువుల దవాఖాన నుంచి ఏదో మందు తెచ్చి మేతలో కలిపాడు. అప్పట్నుంచీ చేపలు మేత ఏదో కాస్త కొరికి వదిలేసేవి.

మా ఆయన పగలంతా కంప్యూటర్ల ముందు కూర్చునే మనిషే అయినా పుట్టింది చేపల చెరువుల ఆకివీడులో. చేపల సంగతి నాకొదిలేయండి అని ఇంటాయనకు మాటిచ్చి వచ్చారు. నాకు ఒళ్లు మండింది. ఈయనకు చేపతో కంచంలో తప్ప పరిచయం లేదు. ఇంటాయనా తక్కువ తినలేదు, చేపలు చస్తే ఇల్లు ఖాళీ చేయాలన్నాడు. అంత గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు మళ్లీ దొరకదని నాకు బెంగ పట్టుకుంది.

చేపల మేత వ్యాపారం చేసే మా అన్నయ్యకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఆ మందుకు చెడ్డ క్రిములతో పాటు, పేగుల్లో ఉండి అరుగుదలకు సాయపడే మంచివీ చచ్చి ఉంటాయన్నాడు. మంచి క్రిముల పొడి బస్సులో పంపాడు. బెల్లం నీళ్లలో కలిపి, తౌడుకు పట్టించి వేయాలి. తౌడులోని పీచు ఆ క్రిములకు తిండి. ఇంటాయన భార్యను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మేత కలిపే పని ఆవిడే తీసుకుంది.

ఎన్నాళ్లు గడిచినా చేపల్లో చలనం లేదు. మా ఆయన ఊరి గొప్పలు ఆపేశారు. నేను ఇల్లు మారడానికి గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

ఒక పొద్దున కింద వంటింట్లోంచి పాయసం వాసన వస్తే వెళ్లి చూశాను. పొయ్యి మీద చేపల మేత తెర్లుతోంది. కామెర్ల భయంతో ఆవిడ మంచినీళ్లు కూడా మరగబెట్టనిదే ఎవర్నీ తాగనివ్వదు.

"పురుగులున్నయంటివి గద బిడ్డా, ఉడకబెట్టకుంట ఎట్లేస్త?" అంది.

నవ్వాపుకోలేక అక్కడే కూలబడ్డాను. మరిగే పాలలో తోడు వేస్తే పెరుగవుతుందా పెద్దమ్మా అని అడిగాను. ఆవిడ నా వంక చూసి, పొయ్యి వంక చూసి, గిన్నె దించేసింది.

ఆ తర్వాత పచ్చి మేత పడింది. చేపలు మెల్లగా పైకొచ్చి తినసాగాయి. బాగా కండ పట్టాక, ఒక ఆదివారం పెద్దమ్మ ఒకదాన్ని పట్టించి మమ్మల్ని భోజనానికి పిలిచింది. కత్తిపీట ముందు కూర్చుని చేప పేగు చీల్చి, నా మంచి పురుగులు ఏవని వెతికింది. కంటికి కనబడవని చెప్పాను.

మా ఆయన ఇల్లు ఖాళీ చేసే సంగతి మెల్లగా ఎత్తారు. ఇంటాయన నవ్వుతూ భార్య వైపు చూశాడు. ఆవిడ చేతులు కడుక్కుంటూ అంది.

"కనబడనోళ్లనే గిన్ని దినాలు సాదిన. కనబడేటోళ్లను ఎళ్లగొడ్తనా? కూసోండ్రి, తినే పోవాలె."