గేటు దగ్గర సత్యవతమ్మ గారు

పోయినవి ముందు లెక్కపెడతాను. అరకులో పెళ్లిళ్ల ఏర్పాట్ల పని సొంతంగా మొదలుపెట్టి ఆరేళ్లు. మాటల దాకా వచ్చి చేజారిన పెళ్లిళ్లు పదకొండు. రెండు ధర కుదరక పోయాయి. ఒకటి, సంబంధమే తప్పిపోయింది. మిగిలిన ఎనిమిదీ ఒకే ప్రశ్న దగ్గర పోయాయి: "మీవారు ఏం చేస్తారండీ?" ఎనిమిదోది ఇవాళ పొద్దున పోయింది. ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్తే నిన్నటి వానకి తడిసిన షామియానా గుడ్డలు తాళ్ల మీద ఆరుతున్నాయి. తడిగుడ్డ, పొయ్యి పొగ, ఏ పెళ్లిలోనో ఒలికిన సాంబారు కలిసిన వాసన. ఆ వాసన తగిలితే చాలు, నాకు సత్యవతమ్మ గారు గుర్తొస్తారు.

ఆమెది విజయనగరం వైపు ఊరు. భర్త అరకు బజార్లో టెంట్ హౌస్ పెట్టి, కొన్నాళ్లకే పోయారు. ఆమె కొట్టు మూయలేదు. నేను ఆమె దగ్గరికి వెళ్లేనాటికి మా పాపకి నాలుగేళ్లు. నా భర్త జీపు నడిపేవాడు, కిరాయికని వెళ్లి తిరిగి రాలేదు. నేను చదివింది ఎనిమిది. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నూటేబై మంది బోజనాలకి గరిటెలెన్ని పంపాలో సెప్పు," అన్నారు.

"ఎన్ని బంతులో చెప్పండి, చెబుతాను."

ఆమె నవ్వారు. "బుర్రుందే దీనికి. మొగుడు పోయాడా, ఎల్లిపోయాడా?"

"అదే తెలీదండీ."

"నాకు తెలిసిపోయింది. మనిద్దరికీ అంతే తేడా. రేపట్నించి రా."

తొమ్మిదేళ్లు అక్కడ కుర్చీలూ గుండిగలూ తివాచీలూ లెక్క చూశాను. వ్యానుతో పాటు ఆమె ప్రతి పెళ్లికీ వచ్చేవారు. గేటు దాటి లోపలికి మాత్రం వెళ్లేవారు కారు. మొగుడు పోయిన మనిషి పందిట్లో తిరిగితే బాగుండదని ఎవరూ అనకముందే తనే ఆగిపోయేవారు. గేటు పక్కన స్టూలు వేసుకుని, చెవులు మాత్రం లోపల పెట్టేవారు. "ఇను, కుర్చీలు కిర్రుమంటన్నాయి. బంతి లేత్తంది, విస్తరాకులు పంపు," అనేవారు. సన్నాయి పాట మారితే, "తెర పట్టేరు. తలంబ్రాల పళ్లేలు సిద్దం సెయ్యమను," అనేవారు. లోపలికి పరిగెత్తి చూస్తే అంతా అలాగే ఉండేది. వినడం నాకూ వచ్చింది. అయితే ఆమె ఆ విద్య ఎక్కడ కూర్చుని నేర్చుకున్నారో తలుచుకుంటే మెచ్చుకోబుద్ధి అయ్యేది కాదు.

ఒకసారి డుంబ్రిగుడ అవతల కొండమీది ఆదివాసీల ఊళ్లో పెళ్లికి సామాను తీసుకెళ్లాం. అక్కడ గేటే లేదు. ఆమె అలవాటుగా వ్యాను పక్కన రాయి మీద కూర్చున్నారు. పెళ్లికూతురి నాయనమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ కూసున్నావేటి? రా."

"మొగుడు పోయినదాన్నమ్మా. రాకూడదు."

"మొగుడు పోతే ఆకలి కూడా పోయిందా?" అంది ముసలమ్మ. తర్వాత చుట్టూ ఉన్న ఆడవాళ్లకి వినపడేలా, "ఇంకొకణ్ణి సూసుకోకుండా ఇన్నాళ్లూ ఏం సేత్తన్నావు?" అంది. అందరూ పగలబడి నవ్వారు. సత్యవతమ్మ గారు సిగ్గుపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. వెళ్లి పెళ్లికూతురి పక్కనే కూర్చుని అన్నం తిన్నారు. రెండు రోజుల తర్వాత అరకులో మరో పెళ్లి. మళ్లీ గేటు, మళ్లీ స్టూలు. ఉండబట్టలేక అడిగేశాను.

"అది ఆళ్ల పెళ్లి, ఇది మన పెళ్లి," అన్నారు, ఇంకేమీ లేనట్టు.

అప్పటికే విశాఖపట్నం వాళ్లు కొండల్లో, కాఫీ తోటల్లో పెళ్లిళ్లు చేసుకోవడానికి రావడం ఎక్కువైంది. వాళ్లకి సామానొక్కటే చాలదు. పంతులు, పువ్వులు, గదులు, వంట, బస్సులు అన్నీ ఒక్క మనిషే చూడాలి. "నువ్వు మొదలెట్టు," అన్నారు ఆమె. "సామాను నాది పట్టుకెళ్లు. మళ్లీ నా కొట్లోకి మాత్రం రాకు, నీ పనికి ఏరే మనిషిని పెట్టేసేను." నిజంగానే పెట్టేశారు. అందుకే నాకొచ్చిన మొదటి పెళ్లి పని చెడితే నాకు జీతమూ లేదు, వ్యాపారమూ లేదు. పాప తొమ్మిదో తరగతిలోకి వచ్చింది.

మాట్లాడుకోవడానికి ఆడపెళ్లివారి ఇంటికి బయల్దేరే ముందు ఆమె ఒక సలహా ఇచ్చారు. "మొగుడి గురించి అడిగితే, డొంకరాయి డేం కాడ కరెంటు పనిలో ఉన్నాడని సెప్పీ. అంత దూరం ఎవడెళ్లి సూత్తాడు?" ఆ ఇంట్లో అడగనే అడిగారు. అలాగే చెప్పాను. పని కుదిరింది.

ముహూర్తం పగటిపూట, కాఫీ తోటలో. జీలకర్ర, బెల్లం పళ్లెం సర్దుతున్నాను. పెళ్లికొడుకు పెదనాన్న నవ్వుకుంటూ వచ్చారు. "మీవారు డొంకరాయిలో అటగా తల్లీ! నేను రిటైరయింది అక్కణ్నించే. పేరేంటి? ఏ షిఫ్టు?"

పేరు చెప్పాను. షిఫ్టు చెప్పలేకపోయాను.

"ఉండమ్మా, మావాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఇప్పుడే ఫోన్లో కలుపుతాను," అన్నారాయన ఎంతో ప్రేమగా. మీట కూడా నొక్కారు.

"వద్దండీ. ఆయన అక్కడ లేడు. ఎక్కడున్నాడో నాకూ తెలీదు. తొమ్మిదేళ్లయింది."

పెళ్లికూతురి పిన్ని విన్నది. "తలంబ్రాలు కలిపింది కూడా ఈవిడేనా?" అని పక్కావిణ్ణి అడిగింది. తర్వాత నా చేతిలోంచి పళ్లెం మెల్లగానే తీసుకుంది. "మీరు కాస్త బయట కూర్చోండమ్మా. ఏమీ అనుకోకండి. ఇక్కడ మావాళ్లు చూసుకుంటారు." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి అనేదాన్నేమో. గేటువైపు తిరిగాను.

అటునుంచి సత్యవతమ్మ గారు వస్తున్నారు. చెప్పులు గేటు దగ్గరే వదిలేసి, పందిట్లోకి, జనం మధ్యనుంచి. లోపలి గొడవ కూడా ఆమె చెవిన పడినట్టుంది. తిన్నగా పెళ్లికూతురి తల్లి ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఆ మాట నేను సెప్పించేనమ్మా. దీనికి అబద్దం రాదు, సూసేరు కదా, షిఫ్టు కూడా సెప్పలేకపోయింది. దీని మొగుడి సంగతి తెలీదు. నా మొగుడు మాత్రం పోయాడు, అందులో అనుమానం లేదు. మీ నెత్తి మీద గుడ్డ, మీరు కూసున్న కుర్చీ, ఈ తివాచీ నేనే మడతెట్టి పంపేను. మా సెయ్యి తగిలినవి అక్కర్లేదంటే సెప్పండి, అన్నీ ఇప్పేసి పట్టుకుపోతాను."

ఆ తల్లి తలెత్తి షామియానా వైపు చూసింది. అంతలో పంతులు గారు అరిచారు: "పావుగంట కూడా లేదు! అడ్డుతెర ఏదమ్మా?" అందరూ ఒకరినొకరు చూసుకుని, చివరికి నన్ను చూశారు. "ముందు తెర తెండి," అంది తల్లి అలసటగా. "మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం సాగనంపేటప్పుడు పిన్ని నాకు జాకెట్టు గుడ్డ, పళ్లూ పెట్టింది. కుంకుమ భరిణె తీసి, కాసేపు చేతిలోనే పట్టుకుని, చివరికి నా చేతికే ఇచ్చేసింది. నన్నే పెట్టుకోమని కాబోలు.

అంతకుముందు తెర కోసం పరిగెత్తబోతూ సత్యవతమ్మ గారి చెయ్యి పట్టుకున్నాను. "ఎలాగూ వచ్చారు. మూడు ముళ్లూ చూసి వెళ్లండి."

"ఇంకో పెళ్లికి సూద్దాంలే. బేగెళ్లు," అని చెయ్యి విడిపించుకుని గేటు దగ్గరికి వెళ్లిపోయారు. నాకోసం లోపలికి వచ్చిన మనిషి, తనకోసం అక్కడ నిలబడలేకపోయారు.

అప్పటినుంచి అబద్ధం మానేశాను. ఎవరొచ్చినా ఆ ప్రశ్న రాగానే చెప్పేస్తాను: నేను ఒంటరిగా పిల్లని పెంచుకుంటున్నదాన్ని, పందిట్లో పళ్లేలు నా చేతి మీదుగానే వస్తాయి, ఇష్టమైతే మిగతాది మాట్లాడుకుందాం. "నోరు కట్టుకోకపోతే యాపారం పోతాది," అని ఆమె తిట్టేవారు. పోయింది కూడా, ఎనిమిది సార్లు. ఆ ఎనిమిదింటికి బాధపడతాను గానీ అవి నాకు నష్టం కింద రావు.

మోకాళ్ల నొప్పులున్నా ఆమె నా ప్రతి పెళ్లికీ వచ్చారు. ప్రతిసారీ పందిట్లో ముందు వరసలో ఒక కుర్చీ ఆమె కోసం వేయించేదాన్ని. ప్రతిసారీ "ఇంకో పెళ్లికి," అనేవారు. పోయిన కార్తీకంలో నిద్రలోనే పోయారు. ఆమె అరువిచ్చిన సామాను డబ్బు నేను మొదటి ఏడాదిలోనే తీర్చేశాను, బాకీ అంతా చెల్లిపోయిందని ఆమె రాయించారు కూడా. నాకు రావలసింది మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. ఆ మొదటి పెళ్లి తర్వాత ఆమె గేటు దగ్గర కూర్చుని విన్నవి, లోపలికొచ్చి చూస్తానని మాటిచ్చి చూడనివి, ముప్ఫై ఒక్క పెళ్లిళ్లు.