చేపల బులెటిన్

గన్‌ఫౌండ్రీలోని ఒక బ్యాంకులో క్యాషియర్ సామ్ సుందర్. ప్రతి శనివారం నాంపల్లిలో ఇరానీ చాయ్ ఊదుకుంటూ, ఊరి బయట టికెట్ పెట్టి గాలం వేయనిచ్చే పెంపకం చేపల చెరువు పరిస్థితి ప్రకటిస్తాడు. వేలు తడిపి గాలి చూస్తాడు, మబ్బు వైపు కళ్లు చిట్లిస్తాడు, చేపలు తనకే కబురంపినట్టు "రేపు తూర్పు గాలి. బొచ్చె చేపలు ఎగబడతయి" అంటాడు. బేగం బజార్ సోంపు కలిపి తను పిసికే పిండి ఎరకు తిరుగులేదని ఆయన నమ్మకం. ఆయన పరువంతా ఆ ముద్దలోనే ఉంది.

మొన్న ఆదివారం తోటి ఉద్యోగి వెంకటేశ్ కూడా చెరువుకు వెంట వచ్చాడు. "గీసారి పడకపోతే మీ ఎర ముచ్చట బంద్ సార్!"

నాలుగు గంటలు గాలం కదల్లేదు. గాలి తిరిగిందన్నాడు సామ్ సుందర్. నీళ్లు వేడెక్కాయన్నాడు. చివరికి వెంకటేశ్ ఎర్రచొక్కాకు చేపలు బెదిరాయన్నాడు.

గేటు దగ్గర టికెట్లు చింపే పూలమ్మ అటుగా వచ్చి నవ్వింది. "ఏం చేపలు సారూ? పోయిన వారమే వల గుంజి అన్నీ పట్టుకపోయిన్రు. కొత్తయి బుధవారం ఇడుస్తరు."

"మరి టికెట్ ఎందుకిచ్చినవమ్మా?" అన్నాడు వెంకటేశ్.

"చేపలున్నయా అని మీరు అడిగిన్రా?"

సామ్ సుందర్ ముఖం వెలిగిపోయింది. పిండి ముద్దను పసిబిడ్డలా డబ్బాలో పడుకోబెట్టాడు.

"చూసినవా వెంకటేశ్? నా ఎరల లోపమే లేదు!"