మస్కికి ఆ రోజు యాప్ పంపనన్న మా సుజాత అక్క

నిన్న మధ్యాహ్నం పెద్దమ్మ ఫోన్ చేసింది.

"మీ అక్క లేస్తలేదురా. జల్ది రా."

అంతే అన్నది.

రాయచూరు నుంచి దేవసుగూరుకు బండి మీద ఎలా పోయానో గుర్తు లేదు. వాకిలి నిండా చెప్పులు. అవి చూశాకే అర్థమైంది.

మెదడులో నరం చిట్లి ఉంటుందన్నాడు, వచ్చి చూసిన డాక్టర్. ఆస్పత్రి దాకా పోయే టైమ్ కూడా దొరకలేదు.

నలభై కూడా దాటలేదు మా అక్కకు.

సుజాత మా పెద్దమ్మ కూతురు. పెదనాన్న థర్మల్ ప్లాంట్‌లో పని చేసి రిటైరైనాడు. అక్క సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే. ఆమె టేబుల్ ముందు కిటికీ, కిటికీలో ప్లాంట్ పొగగొట్టాలు. కరెంట్ పోయినప్పుడల్లా వాటి దిక్కు చూసి, "మా ముందలనే తయారైతది, మాకే ఉండదు" అని నవ్వేది.

నాకు జావాస్క్రిప్ట్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆమే.

అందరూ కోడ్ రాయడం నేర్పుతారు. అక్క ముందు, ఆ కోడ్ సరిగా నడుస్తుందో లేదో పట్టిచూసే టెస్టులు నేర్పింది. ఎవరు ఏ చిన్న మార్పు పంపినా, దూరంగా ఒక సర్వర్ దాన్ని తీసుకొని, కావలసినవన్నీ కొత్తగా దించుకొని, టెస్టులు నడిపి, యాప్‌గా బిల్డ్ చేసి చూడాలి. అన్నీ కుదిరితే పచ్చ టిక్కు. ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు, పని అక్కడే ఆగిపోతుంది. ఈ వరుసంతా ఒక చిన్న ఫైల్‌లో రాసి పెట్టాలి. అది రాయడమంటే అక్కకు భలే ఇష్టం.

"నా లాప్‌టాప్‌ల మంచిగనే నడుస్తుందక్కా" అని ఒకసారి గొణిగాను.

"నీ లాప్‌టాప్ అందరిండ్లకు పంపుతవా? ఆడ నడవాలెరా."

మస్కిలో బసవరాజ్ సార్ అని ఒక టీచర్. రక్తం ఇచ్చేవాళ్లను పోగుచేస్తుంటాడు. ఆయన కోసం అక్కా నేనూ కలిసి ఒక యాప్ చేశాం. ఊరు, బ్లడ్ గ్రూప్ కొడితే దగ్గరలో ఇచ్చేవాళ్ల పేర్లు వస్తాయి.

మస్కిలో దాన్ని మొదలుపెట్టే రోజు. షామియానా వేశారు, జనం వచ్చారు. ఆ పొద్దున వెతికే పేజీలో చివరి మార్పు పంపగానే ఎర్ర గుర్తు వచ్చింది.

సార్ ఫోన్. అక్క స్పీకర్‌లో పెట్టింది.

"మంది వచ్చి కూసున్నరమ్మా. ఎట్లున్నదో గట్లనే పెట్టు. రేపు సరిచేద్దువు."

"టెస్ట్ ఫెయిలైంది సార్. నేను పంపను."

"ఎంతసేపైతది?"

"తెలవదు సార్. మీరు జర చాయ్ తాపియ్యుండ్రి."

సార్‌కు కోపమొచ్చింది. ఫోన్ పెట్టేసి, జనాన్ని ఇళ్లకు పంపేశాడు.

అక్క మొహం చిన్నబోయింది. కానీ కుర్చీలోంచి లేవలేదు. ప్రతి గ్రూపుకూ ఒక టెస్ట్ రాసి పెట్టింది ఆమే. వాటిలో పాజిటివ్ గ్రూపులన్నీ ఫెయిలయ్యాయి. "ఓ పాజిటివ్" అని వెతికితే, O+లోని ప్లస్ గుర్తు లింకులోకి పోయేసరికి ఖాళీ జాగా అయిపోతోంది. ఎర్రర్ ఏమీ రాదు. "దాతలు ఎవరూ లేరు" అని మర్యాదగా చెబుతుంది.

నిజంగా రక్తం కావలసినవాళ్లు అది చదివి ఏమనుకుంటారు? నమ్ముతారు కదా.

సాయంత్రానికి సరిచేసి పంపింది. సార్ మాత్రం చాలా రోజులు మాట్లాడలేదు. ఫోన్ మోగినప్పుడల్లా అక్క, సార్‌దేమో అని చూసేది.

తర్వాత దేవదుర్గలో ఒక ఆమెకు కాన్పులో రక్తం బాగా పోయింది. ఓ పాజిటివ్ కావాలి. ఆమె మరిది యాప్‌లో వెతికితే పేర్లు వచ్చాయి. పక్క వీధి మనిషే పోయి ఇచ్చాడు. తల్లీ బిడ్డా బతికారు.

ఆ వారమే సార్ బస్సెక్కి దేవసుగూరు వచ్చాడు, సంచీ నిండా శనక్కాయలతో. గడపలోనే నిలబడి, "గా దినం నువ్వు పంపకపోవుడే మంచిదైందమ్మా" అన్నాడు.

అక్క ఆయనను కూర్చోబెట్టింది. లోపలికి పోయి చాయ్ పెట్టింది. వంటింట్లో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

నిన్న సాయంత్రం కృష్ణ ఒడ్డున, అక్క చితి దగ్గర నుంచి అందరూ కదిలాక కూడా ఆ సార్ అక్కడే నిలబడి ఉన్నాడు.

ఇవాళ పొద్దున ఏం తోచక లాప్‌టాప్ తెరిచాను. యాప్‌లో ఒక అక్షరం దిద్ది పంపాను. టెస్టులన్నీ పాసైతే కనబడేలా అక్క ఎప్పుడో ఒక మాట రాసి పెట్టింది.

"అన్నీ మంచిగున్నయ్. పో ఇగ."

వచ్చింది.

మళ్లీ ఒక అక్షరం మార్చి పంపాను. మళ్లీ వచ్చింది.

ఆ మాట ఎన్నిసార్లయినా వస్తుంది. ఆ గొంతే రాదు. ఒక్కసారి తిట్టినా చాలనిపిస్తోంది.

వచ్చే వారం ముదగల్‌లో కాలేజీ అమ్మాయిలకు టెస్టులు రాయడం చెబుతానని అక్క ఒప్పుకుంది. ఇద్దరం కలిసి పోవాలనుకున్నాం. నేను పోతాను. ఆమెలా చెప్పడం నాకు రాదు. బస్సులో నా పక్క సీట్లో ఎవరు కూర్చున్నా కష్టంగానే ఉంటుంది.

వెళ్లిరా అక్కా. మా ఏడుపు నీ దాకా రాకూడదు. ఎక్కడున్నా నెమ్మదిగా, హాయిగా ఉండు.