పాడుబాయిల పడేసిన రాడ్డు

ఏండ్ల సంది నా గొంతుల ఒక మాట ఇరుక్కోని ఉన్నది. మింగుడు పడదు, కక్కరాదు. చెప్పబోతే జనం నవ్వుతరు, ఎందుకంటే నేను నవ్విచ్చెటోన్ని. నువ్వు జర నవ్వకుండ చదువు. గంతే అడుగుతున్న.

హుజూర్‌నగర్ల లారీలు బాగుచేసే షెడ్డుల మిస్త్రీని నేను. నాలుగో తరగతిల బడి ఇడిచిపెట్టిన. పానా పట్టుడు, నోరు పారేసుకునుడు, గీ రెండే నాకొచ్చిన విద్యలు. మిల్లు సావుకారి లారీని యోహాను అన్న నడిపెటోడు. చర్చికి పొయ్యే మనిషి, కల్లు ముంత దిక్కు చూసి ఎరుగడు. ఒకనాడు వచ్చి, స్టీరింగు ఎడమకు గుంజుతాంది, జర కిందికి దూరి చూడు తమ్మీ అన్నడు. నేను దూరలే. ఎండకా, బద్దకానికా? యాదికి లేదు. షెడ్డుల నలుగురు కూసున్నరు, వాళ్లను నవ్వియ్యాలె, అదొక్కటే యాదికున్నది. గుంజేది స్టీరింగు కాదన్నా, నీ చెయ్యి, కల్లు జర తక్కువ చెయ్యి అని నేనన్న. తాగనోన్ని పట్టుకొని తాగుబోతంటేనే గదా నవ్వొచ్చేది. అందరు పడి పడి నవ్విండ్రు. ఆయన గూడ నవ్విండు. సావుకారికేమో, చూసిన, అంత మంచిగనే ఉన్నదని చెప్పిన.

హాలియా తొవ్వల ఆ లారీ పోయి ఎదురుంగ వచ్చే రాళ్ల లారీని గుద్దింది. పానాలు పోలేదు. యోహాను అన్న మణికట్టు ఇరిగింది. లారీని గుంజుకొచ్చి నా ముందటనే పడేసిండ్రు. దాని మొఖమంత లోపలికి పోయింది, రేడియేటరు ఇంజనుకు అతుక్కున్నది.

అది బాగుచేసుడు కాదు, కొట్లాట. గొలుసులేసి జాకీలు పెట్టి గుంజితే చాసీ ఒక దిక్కు సాపయ్యేది, ఇంకో దిక్కు వంగేది. బానెటు రేకును కొట్టి కొట్టి సాపు చేస్తే, బిగిచ్చేటప్పుడు బొక్కలు కలువకపొయ్యేవి. పట్నం నుంచి తెచ్చిన రేడియేటరు కారబట్టె. తలుపు పడదు. పడితే తెరుచుకోదు. పానా ఇసిరికొట్టి లారీని బండబూతులు తిట్టేది. కోపం లారీ మీదనేనా?

ఎందుకంటే, లారీ వచ్చిన్నాడే కిందికి దూరి చూసిన. స్టీరింగు తిప్పితే చక్రాలను తిప్పే రాడ్డు రెండు తునకలైంది. కొత్తగ ఇరిగిన ఇనుము తెల్లగ మెరుస్తది. ఇది సగమే మెరుస్తాంది, సగం నల్లగ తుప్పు. అంటే పగులు ముందు సందే ఉన్నది. ఆయన చెప్పిన్నాడు దూరి ఉంటే నా కంట్ల పడేది. రెండు తునకలనూ షెడ్డెనుక పాడుబాయిల ఏసిన.

అప్పటికే నా కల్లు మాట ఊరంత తిరిగింది. ఇప్పుడది నవ్వులాట కాదు, సాక్ష్యం. సావుకారు యోహాను అన్నను పనిలకెల్లి తీసేసిండు. చర్చి పెద్దలు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రావొద్దన్నరు. చేతికి కట్టుతోని షెడ్డుకొచ్చిండు యోహాను అన్న. నేను లారీ కింద పండుకోని ఉన్న.

"తమ్మీ, అంత ఇప్పినవ్ గదా. స్టీరింగు ఎట్లున్నది?"

"లారీయే అప్పడమైతే స్టీరింగు సంగతి అడుగుతవేందన్నా?"

"యేశాలొద్దు. గుంజుతాందని నీకు చెప్పిన్నా లేదా? పెద్దల ముంగట ఆ ఒక్క మాట చెప్పు. మా ఇంటామె బల్ల కాడికి పోతాంది, నేను బయట నిలవడుతున్న."

"చెప్తగని, ముందుగాల నోరు ఊదు, వాసన చూస్త."

నవ్వెటందుకు అక్కడ ఎవ్వరూ లేరు. మరి ఆ మాట ఎవరి కోసం నేనన్న? బండి కింద నుంచి ఆయన పాదాలు జరసేపు కనపడ్డయి. తర్వాత లేవు.

మల్ల ఆయనకు ఎవ్వరూ స్టీరింగియ్యలే. సాగర్ కాడ మట్టి మోసిండని విన్న.

ఓ ఆదివారం చర్చి ముందట ఒక పెద్దమనిషిని ఆపి, అయ్యగారూ, యోహాను తాగలేదు, తప్పు నాది అని చెప్పిన. ఆయన నా మొఖం చూసి, "ఇయ్యాల గూడ నీ తమాషలేనా?" అని నవ్వుకుంట లోపలికి పోయిండు. చెయ్యి పట్టుకొని ఆపొచ్చు. బాయిలకు దిగి తునకలు తెచ్చి చూపియ్యొచ్చు. నేను గూడ నవ్విన. ఆయన నమ్మలేదనా నా కోపం, నమ్మనందుకు లోపల్లోపల నిమ్మళపడ్డననా?

యోహాను అన్న ఇప్పుడు కొల్లాపూర్ దిక్కు బిడ్డ దగ్గర ఉన్నడట. పోలేదు. నేను పోతే మాఫ్ చేస్తడు, ఆయన గసొంటి మనిషే. మాఫ్ చేసినా చర్చి బయట నిలవడ్డ ఆదివారాలు ఆయనకు వాపసు రావు.

యోహాను తాగలేదు. చూడకుండనే చూసిన్నని చెప్పినోన్ని నేను.